పట్టించుకున్న పాపాన పోండి

తెలుగు దినపత్రికల, వార్తా ఛానళ్ల డెస్కుల్లో పనిచేస్తున్న మిత్రులకు,

నమస్కారం. నేను మీ పక్క కుర్చీలో కూర్చున్నవాణ్నే. ఇరవై రెండేళ్లు సబ్‌ఎడిటర్‌గా చేశాను. అందులో ఎక్కువ కాలం జిల్లా డెస్కుల్లోనే గడిచింది. రాత్రి పదింటికి పేజీ వదలాలి. సరిగ్గా పదికి పది నిమిషాల ముందు కంట్రిబ్యూటర్, అంటే మండల విలేకరి, ఫోన్ చేసి 'సార్, పెద్ద వార్త' అంటాడు. అప్పుడు చేతికి ఏ మాట తగిలితే ఆ మాటే హెడ్డింగ్. ఆ కష్టం పడ్డవాణ్ని కాబట్టి ఈ ఉత్తరంలో కోపం తక్కువ, ఒప్పుకోలు ఎక్కువ. రాస్తున్నది ఒక్క మాట గురించి. పాపం అనే మాట.

మొన్న పొద్దున టీ తాగుతూ మా జిల్లా పేజీలు తిరగేస్తుంటే ఒక్క పేజీలోనే మూడు చోట్ల తగిలింది. కల్వర్టు కూలి రెండేళ్లయినా అధికారులు 'పట్టించుకున్న పాపాన పోలేదు'. హాస్టల్ పిల్లలకు దుప్పట్లు 'ఇచ్చిన పాపాన పోలేదు'. గెలిచాక ఎమ్మెల్యే ఆ తండా వైపు 'కన్నెత్తి చూసిన పాపాన పోలేదు'. ముగ్గురు వేరువేరు విలేకరులు రాసినవి. మూడూ అవసరమైన వార్తలే. నేనూ నా ఉద్యోగంలో ఈ మాట వందలసార్లు రాసి ఉంటాను. ఆ రోజెందుకో ఆగి, విడదీసి చదివాను. పట్టించుకోవడం ఒక పాపం. ఆ పాపంలోకి వాళ్లు పోలేదు. అంటే మన ఇంజినీర్లు పుణ్యాత్ములన్నమాట. కల్వర్టు బాగుచేసి ఉంటే నరకానికి పోయేవాళ్లు పాపం, తప్పించుకున్నారు.

వ్యంగ్యమని తెలుసు. పాపం చేయడానికైనా మనిషి కాస్త కదలాలి కదా, ఆపాటి కదలిక కూడా లేదని ఎత్తిపొడుపు. మొదట ఎవరన్నారో గానీ ఆనాడు సూదిలా గుచ్చుకునే ఉంటుంది. ఇప్పుడది బొమ్మ అరిగిపోయిన కాసు. చదివిన అధికారికి చురుక్కుమనదు, పాఠకుడికి నవ్వు రాదు. అయినా దీనితో నాకు పెద్ద పేచీ లేదు. నా పేచీ అంతా దీని తోబుట్టువుతో. 'పాపానికి' అనే మాటతో. అక్కడికి వస్తాను. ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

'పాపాన పోవడం' మన డెస్కుల్లో పుట్టింది కాదు. పాత దానశాసనాల చివర చూడండి. గుడికో, చెరువుకో, సత్రానికో భూమి రాసిచ్చినవాడికి ఒక భయం ఉండేది. తాను పోయాక దాన్ని ఎవడైనా కలిపేసుకుంటే? అందుకని రాయి మీద శాపం చెక్కించేవాడు. ఈ ధర్మానికి ఎవరు తప్పినా గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారు అని. సంస్కృతం వచ్చినవాళ్లను బెదిరించడానికి ఒక శ్లోకం కూడా ఉండేది: తానిచ్చిందైనా, ఇంకొకరిచ్చిందైనా, భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. విజయనగర కాలపు శాసనాల్లో ఈ వరస కొల్లలుగా కనిపిస్తుంది. పోలీస్ స్టేషన్ లేదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లేదు. రాజు కన్నుమూశాక ఆ పొలానికి కాపలా ఆ ఒక్క మాటే. 'పట్టించుకున్న పాపాన పోలేదు' అని చదివినప్పుడల్లా నాకు ఆ రాళ్ల గొంతే వినిపిస్తుంది, ఎంత బొంగురుపోయినా.

ఇంకా వెనక్కి వెళితే కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం నాటిది, క్రీ.శ. 575 ప్రాంతానిది. దొరికినవాటిలో తొలి తెలుగు శాసనమని ఏటా ఆగస్టు 29న భాషా దినోత్సవం పేజీలో మనం ఫొటో వేసే రాయి అదే. మధ్యలో చాలా పంక్తులు చెరిగిపోయాయి. చివర మాత్రం 'హాపాతకస' అన్న అక్షరాలు మిగిలాయి. ముందున్న 'మ' రాలిపోయింది, అంతే. తెలుగు రాయెక్కిన తొలినాడే మహాపాతకం కూడా దాని వెంట ఎక్కింది. ఏమిచ్చారో చెరిగిపోయింది, చెడగొట్టినవాడికి పెట్టిన శాపం మిగిలింది. మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది ఇక్కడ. ఆ శాపం పేదవాడికి పెట్టింది కాదు. గుడిమాన్యాన్నీ చెరువునూ మింగగల సత్తా ఉన్నవాడికి పెట్టింది. ఆనాడు ఆ మాట బలవంతుడి నెత్తిన ఉండేది.

పాతకం అంటే పడదోసేది. సంస్కృతంలో 'పత్' అంటే పడటం. పతితుడు అన్నదీ ఆ ధాతువు నుంచి పుట్టిందే. ధర్మశాస్త్రాల్లో పతితుడంటే మహాపాతకం చేసి కులం నుంచి పడిపోయినవాడు, ఆ శ్లోకాలు ఎక్కువగా మగవాణ్ని ఉద్దేశించినవే. వాడుక తెలుగుకు వచ్చేసరికి 'పతిత' అన్న ఆడమాటే మిగిలింది. పతితుడు ఇంకా బతికున్నాడంటే పతితపావనుడి దయవల్లే. మగవాళ్లు పడటం మానేశారు కాబోలు. ఇది మన ఒక్కరి జబ్బేమీ కాదు. వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని లాక్కొచ్చి యేసు ముందు నిలబెట్టినవాళ్లు కూడా ఆ మగవాణ్ని వెంట తేలేదు.

మనుస్మృతి పదకొండో అధ్యాయం ఐదింటిని మహాపాతకాలంటుంది. బ్రాహ్మణుణ్ని చంపడం, సురాపానం, దొంగతనం (బ్రాహ్మణుడి బంగారం దొంగిలించడమని వ్యాఖ్యానాలు), గురువు భార్యతో కూడటం, ఐదోది ఈ పనులు చేసినవాళ్లతో సహవాసం. ఆ ఐదోదాన్ని గట్టిగా పట్టుకుంటే మన పొలిటికల్ బ్యూరో ఒక్కటీ మిగలదు.

వీటి కింద ఉపపాతకాల చిట్టా ఉంది, పెద్దది. గోవధ ఆ చిట్టాలోదే, పై ఐదింటిలో లేదు. 'గోహత్యా మహాపాతకం' అని దానికి ప్రమోషన్ ఇచ్చింది జనం నోరు. తల్లిదండ్రులను వదిలేయడం అందులో ఉంది. తీసుకున్న అప్పు తీర్చకపోవడం ఉంది. పొయ్యిలోకి పచ్చి చెట్టును నరకడం ఉంది. చెరువును అమ్ముకోవడం, తోటను అమ్ముకోవడం, భార్యను, బిడ్డను అమ్ముకోవడం ఒకే పంక్తిలో పక్కపక్కన ఉన్నాయి. చెరువు, బిడ్డ ఒక్క వరసలో! హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల కోసం 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థను పెట్టాల్సి వచ్చింది కదా. ఆ కూల్చివేతల వార్తలు వేసిన పేజీ తిప్పితే చెరువు ఒడ్డు విల్లాల ప్రకటన రంగుల్లో ఉండేది. పాతకం అన్న మాట ఎవరైనా అక్కడ వాడారేమోనని వెతికాను. 'ఆక్రమణ' ఉంది, 'బఫర్ జోన్' ఉంది, 'ఎఫ్‌టీఎల్' (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) ఉంది. పాపం అన్న మాట కూల్చిన ఇళ్లలో అద్దెకున్నవాళ్ల దగ్గర మాత్రమే కనిపించింది, 'తెలియక అద్దెకు దిగిన పాపానికి' అని.

అదే చిట్టాలో ఇంకొకటి ఉంది. మీరు ఊరికే దాటేసే వీలు లేనిది. స్త్రీని, శూద్రుణ్ని, వైశ్యుణ్ని, క్షత్రియుణ్ని చంపడం కూడా ఉపపాతకమే, అంటే చిన్న పాపం. ఎంత చిన్నదో లెక్క కట్టారు కూడా. బ్రహ్మహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తంలో క్షత్రియుణ్ని చంపితే నాలుగో వంతు, వైశ్యుణ్ని చంపితే ఎనిమిదో వంతు, శూద్రుణ్ని చంపితే పదహారో వంతు. కొన్ని శ్లోకాలు దాటాక పిల్లిని, ముంగిసను, పాలపిట్టను, కప్పను, కుక్కను, ఉడుమును, గుడ్లగూబను, కాకిని చంపినవాడు ఏం చేయాలో ఉంది. శూద్రుణ్ని చంపినవాడు చేసే వ్రతమే చేయాలట. మన ఇళ్లలో 'పిల్లిని చంపిన పాపం' అంటుంటారు, అది చాలా పెద్ద పాపమన్నట్టు. ఆ పిల్లి పక్కన తక్కెడలో ఎవరిని పెట్టారో చాలామందికి తెలియదు. 1927 డిసెంబరు 25న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్, ఆయన వెంట ఉన్నవాళ్లు ఆ పుస్తకాన్ని మంటల్లో వేసినప్పుడు కాల్చింది ఈ తక్కెడనే.

కాబట్టి పాపం అన్నది అమాయకమైన మాట కాదు. దానికి ఎప్పుడూ ఒక తూకం ఉంది, ఆ తూకం వేసే చేయి ఒకటుంది. నా సర్వీసులో చాలా రాత్రులు ఆ చేయి నాదే.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెబుతాను.

పదిహేనేళ్లు దాటింది. తెలంగాణలో ఒక జిల్లా డెస్కు. ఒక దళిత కుర్రాడు పై కులం అమ్మాయిని ప్రేమించాడు. అమ్మాయి తరపు బంధువులు మాట్లాడదామని పిలిచి, ఊరి బయట మామిడితోటలో కొట్టి చంపారు. వార్త రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. కాపీ గబగబా దిద్ది, నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టాను. 'ప్రేమించిన పాపానికి ప్రాణం తీశారు'. ప్రాసకు ప్రాస, కొలతకు కొలత. ఎడిషన్ ఇన్‌చార్జి వెనక నుంచి వచ్చి భుజం తట్టాడు. 'అదిరిందయ్యా' అన్నాడు. ఆ రాత్రి నాకు గర్వంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు.

వారం తర్వాత ఆ కుర్రాడి తల్లి ఆఫీసుకు వచ్చింది. వెంట చిన్న కొడుకు, పదో తరగతి చదువుతున్నవాడు. కంట్రిబ్యూటర్ వార్త కోసం వాళ్లింటి గోడమీది ఫొటో ఒకటి తీసుకొచ్చాడు, స్కాన్ చేసి తిరిగి ఇస్తానని. ఆ ఫొటో కోసం వచ్చారు. ఫొటోలు చూసుకునే కుర్రాడు షిఫ్టుకు ఇంకా రాలేదు, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. వార్త మీరే రాశారా అని అడిగింది. దిద్దింది నేనేనమ్మా అన్నాను. అప్పుడామె చెప్పిన మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా:

'పేపర్ల పాపం అని రాసిర్రంట గద సారూ. మా సిన్నోడు సదివి ఇనిపిచ్చిండు. ఊర్లె ఒక్కలు గూడ పాపం అనలే. మీరే అన్నరు.'

చేతులు జోడించింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. తెలుగులో పాపానికి రెండు ప్రాణాలున్నాయి. ఒకటి చేసిన పాపం, ఇంకొకటి జాలిపడే 'పాపం!' దెబ్బ తగిలిన బిడ్డను చూసి, వానలో తడుస్తున్న ముసలాయనను చూసి, ఆఖరికి తోక తెగిన వీధికుక్కను చూసి మనం అనేది. నరకానికి పంపే మాటనే నిట్టూర్పుగా మార్చుకుని, ఎదుటివాడి కష్టానికి ఓదార్పుగా వాడుకున్నారు మన పెద్దవాళ్లు. ఇంత గొప్ప పని ఏ పండితుడూ చేసి ఉండడు. ఆ తల్లి నా హెడ్డింగ్‌లో విన్నది ఆ రెండో పాపాన్ని. తన కొడుకు చచ్చిపోతే ఊరిలో ఎవరూ అయ్యో అనలేదు, పేపరువాళ్లు అన్నారనుకుంది. నేను రాసింది మొదటిది.

ఆ పిల్లాడు మాత్రం తలెత్తలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. చదివింది వాడు. పాపం చివర 'కి' అన్న అక్షరం ఎందుకుందో వాడికి తెలుసు. తెలిసే తల్లికి ఆ అక్షరం మింగేసి చదివాడు.

డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు వ్యాకరణం చెప్పినట్టు చెబుతున్నానని అనుకోకండి. ఆ 'కి' ఏం చేస్తోందో చూడాలి. 'దొంగతనం చేసినందుకు జైలుకు పంపారు' అంటే నేరం దొంగది, శిక్ష జడ్జిది. 'ప్రేమించిన పాపానికి ప్రాణం తీశారు' అంటే పాపం కుర్రాడిది, శిక్ష వేసింది ఆ బంధువులు. నాలుగు మాటల్లో నేరం, నేరస్థుడు, తీర్పు, అమలు అన్నీ అయిపోయాయి. కొట్టి చంపినవాళ్లు నా హెడ్డింగ్‌లో తలారులయ్యారు. వాళ్లకు నోరిస్తే చెప్పేది కూడా అదే కదా: 'మా పిల్లను ప్రేమించాడు, పాపం చేశాడు, చంపాం.' హంతకుల వాంగ్మూలాన్ని కొటేషన్ గుర్తులు తీసేసి, పద్దెనిమిది పాయింట్ల అక్షరాల బదులు నలభై ఎనిమిది పాయింట్ల పెద్ద అక్షరాల్లో వేశాను.

మీరేమంటారో తెలుసు. నాతోనూ అన్నారు. 'అదేంటి సార్, అది వ్యంగ్యం. ప్రేమించడం పాపమా అని నిలదీస్తున్నాం. మన జాలంతా ఆ కుర్రాడి మీదే కదా.' నిజమే, రాసినవాడి మనసు కుర్రాడి వైపే ఉంది. కానీ వ్యంగ్యానికి గొంతు కావాలి. ఎదురుగా కూర్చుని చెబితే కనుబొమ్మ ముడిలో, మాట విరుపులో తెలుస్తుంది. అచ్చక్షరానికి కనుబొమ్మ లేదు. పైగా వ్యంగ్యం వ్యంగ్యంగా అందాలంటే చదివేవాడు ముందే మన వైపు ఉండాలి. కులం తప్పి ప్రేమించడం నిజంగానే పాపమని నమ్మేవాడు పొద్దున్నే ఆ హెడ్డింగ్ చూసి ఏం చేస్తాడు? తలూపుతాడు.

అలాంటివాళ్లు ఎక్కడో లేరు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికొస్తున్న దళిత యువకుణ్ని ఆమె కళ్లముందే నరికేశారు. సుపారీ ఇచ్చింది అమ్మాయి తండ్రేనని పోలీసులు తేల్చారు. విచారణ ముగియకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవాడికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్య జరిగిన వారంలో బస్సుల్లో, టీకొట్ల దగ్గర నేను విన్న 'పాపం' ఎవరికి పడిందో చెప్పనా? 'కన్నతండ్రి కదా, పాపం, ఎంత కుమిలిపోయాడో.' నరికించినవాడికి మన జాలిపాపం, నరికించుకున్నవాడికి చేసిన పాపం. రెండు పాపాలూ తారుమారయ్యాయి. ఆ తారుమారులో మన హెడ్డింగుల వాటా లేదని నేను గుండెమీద చేయేసుకుని చెప్పలేను.

పాత సంఘటనలకు ఈ మాట తగిలించి చూడండి, ఎలా ఉంటుందో. 1985 జులై 17, కారంచేడు. మాదిగలు తాము మంచినీళ్లు ముంచుకునే చెరువులో పై కులంవాళ్లు గేదెలు కడిగి పాడుచేస్తుంటే వద్దన్నారు. ఆరుగురిని చంపారు. 'నీళ్లు పాడుచేయొద్దన్న పాపానికి ఆరుగురి బలి' అని రాయగలరా ఇప్పుడు? చేయి ఆగుతుంది. ఆగడానికి కారణం కారంచేడు తర్వాత జరిగిన దళిత ఉద్యమం. ఆ ఉద్యమం లేని ఊళ్ల గురించి రాసేటప్పుడు మన చేయి ఆగడం లేదు, అంతే తేడా.

అలాగని ఈ మాటను డెస్కు నుంచి వెలివేయమని అనడం లేదు. వెలివేయడం ఎలాగూ మనకు బాగా అలవాటైన పని, దానికి నా సలహా అక్కర్లేదు. 'కన్న పాపానికి భరించాలి కదా' అని ఒక తల్లి తన గురించి తాను అంటే ఆ మాటలో ప్రేమ, విసుగు, అలసట అన్నీ ఉన్నాయి. 'ఓటేసిన పాపానికి అనుభవిస్తున్నాం' అని రైతు అంటే అది ఆయన హక్కు. ఎవరి గురించి వాళ్లు అనుకుంటే అది చెల్లుతుంది, ఎదుటివాడి నెత్తిన మనం పెడితే చెల్లదు. వాళ్లంటే కొటేషన్లో వేయండి, ఎవరన్నారో రాయండి. వాళ్లనని చోట మీరు అనకండి.

ఇంకొక మాట కూడా చూడాలి. అఘాయిత్యం. అఘం అన్నా పాపమే. సంధ్యావందనంలో అఘమర్షణం అంటే పాపాన్ని కడిగేసుకోవడం. ఈ అఘాయిత్యాన్ని మనం రెండు చోట్ల వాడుతున్నాం. 'బాలికపై అఘాయిత్యం' అన్నప్పుడు చేసినవాడు రాక్షసుడు. 'అప్పుల బాధ తాళలేక కౌలురైతు అఘాయిత్యం' అన్నప్పుడు చేసుకున్నవాడు పురుగుమందు తాగి పొలం గట్టున పడి ఉన్నాడు. ఇద్దరికీ ఒకే మాట, ఒక్కోసారి ఒకే పేజీలో. పైగా దానికి తోడు 'పాల్పడ్డాడు' అనే క్రియ. లంచానికి పాల్పడతారు, దోపిడీకి పాల్పడతారు, రైతు ఆత్మహత్యకు 'పాల్పడతాడు'. చట్టమే ఈ విషయంలో మనకన్నా ముందు నడిచింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్, 2024 జులై 1న కొత్త న్యాయసంహిత వచ్చాక ఆ రూపంలో లేదు. అంతకు ముందే 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆ పని చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి చికిత్స అందించాలంది. చట్టం నేరం కాదంటుంటే మన క్రియాపదం ఇంకా సంకెళ్లు వేస్తోంది. 'ప్రాణం తీసుకున్నాడు' అంటే సరిపోదా?

ఇటు వైపు ఇంత ధారాళంగా వాడే మనం, అసలు చేసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎంత పొదుపరులమో! అక్కడ హత్య 'చోటుచేసుకుంటుంది'. దారుణం 'వెలుగుచూస్తుంది'. మనుషులెవరూ లేకుండానే కత్తులు వాటంతటవే లేస్తాయి. 'క్షణికావేశం' అంటాం, తోట దాకా పిలిపించి చంపినా సరే. అన్నిటికన్నా విచిత్రం 'పరువు హత్య'. చంపినవాళ్లు చెప్పుకున్న కారణాన్నే హత్యకు పేరుగా పెట్టేశాం, పరువు ఎవరిదో అడగకుండా. దళిత సంఘాలు 'కుల దురహంకార హత్య' అనమని చాలాకాలంగా చెబుతున్నాయి. సింగిల్ కాలమ్‌లో పట్టదంటారా, 'కులహత్య' అనండి. పరువు హత్య ఐదక్షరాలు, కులహత్య నాలుగే. మీకు ఒక అక్షరం మిగులుతుంది.

పాపాల భైరవుడి సంగతి కూడా అంతే. పురాణంలో భైరవుడు నిజంగానే బ్రహ్మ ఐదో తల నరికాడు, బ్రహ్మహత్య చుట్టుకుని, ఆ కపాలం చేతికి అంటుకుని కాశీ దాకా తిరిగాడు. మన వార్తల్లో పాపాల భైరవుడు వీఆర్వో. తల నరికినవాళ్లు ప్రెస్‌మీట్‌లో ఉంటారు.

మీ ఆఫీసుల్లో స్టైల్‌షీట్ ఉంటుంది. ముఖ్యమంత్రి పేరుకు ముందు ఏం రాయాలో, ఏ పార్టీ పేరు ఎలా కుదించాలో, లక్షకు కామా ఎక్కడ పెట్టాలో అన్నీ ఉంటాయి. దాంట్లో అర పేజీ ఖాళీ చేసి ఈ మూడు మాటలకు ఇవ్వమని అడుగుతున్నాను: పాపానికి, అఘాయిత్యం, పాల్పడటం. నైట్‌షిఫ్టులో ఉన్న ఇరవై మూడేళ్ల కుర్రాడికి, కుర్రదానికి పదింటికి పది నిమిషాల ముందు ఆలోచించే తీరిక ఉండదు. ఆ ఆలోచన పగటిపూట సీనియర్లు చేసి పెట్టాలి. జర్నలిజం స్కూళ్లు నడిపే యాజమాన్యాలు హెడ్డింగులకు ప్రాసలు నేర్పిస్తున్నాయి, నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఒక్క పూట ఈ 'కి' గురించి కూడా చెప్పించండి.

'పట్టించుకున్న పాపాన పోలేదు' మాటకొస్తే, ఉంచుకోండి. వారానికి ఒకసారి చాలు. కల్వర్టు గురించి ఊరివాళ్లు ఏ తేదీన ఎవరికి వినతిపత్రం ఇచ్చారో, ఆ కాగితం ఇప్పుడు ఏ ఇంజినీరు బల్లమీద ఉందో, అంచనా ఎన్ని లక్షలని వేశారో అది రాయండి. పాపం కన్నా తేదీకి ఎక్కువ భయపడతారు మనవాళ్లు. చెరువుల దగ్గర మాత్రం పాత రాళ్లవాళ్ల మాటను మొహమాటపడకుండా వాడండి. చెరువును ప్లాట్లు చేసి అమ్మినవాణ్ని పాతకుడు అనడానికి పద్నాలుగు వందల ఏళ్ల పూర్వాచారం ఉంది మనకు.

ఆ ఫొటో సంగతి చెప్పకుండా ముగిస్తే ఒప్పుకోలు సగమే అవుతుంది. ఫొటోల కుర్రాడు వచ్చాడు. బీరువాలో, సొరుగుల్లో, స్కానర్ కింద రెండు గంటలు వెతికాం. దొరకలేదు. వాళ్లింట్లో ఆ అబ్బాయిది ఇంకో ఫొటో లేదు. ఆమె ఏమీ అనలేదు, 'ఉంటే సూడు బిడ్డా' అని రెండుసార్లు అంది. చివరికి ఫైలు లోంచి ఆ రోజు పేపరు తీసి, కత్తెరతో అచ్చులో ఉన్న ఫొటో కత్తిరించి ఇచ్చాను. హెడ్డింగ్ రాకుండా కత్తిరించాను.

ఇట్లు,
ఒక మాజీ సబ్‌ఎడిటర్